న్యూ యూరప్ డాన్స్ గ్రూప్, కోరుట్ల

ఇప్పుడు యూరప్ అంటే ఫోన్ మీద బొటనవేలితో పైకి తోస్తే వచ్చేస్తుంది. అన్నం తింటూ ఒక చేత్తో తోస్తాం, నచ్చకపోతే ఇంకోసారి తోస్తాం. మేము చదువుకునే రోజుల్లో అంత సులువు కాదు. యూరప్ కోరుట్లకు రావాలంటే ముందు దుబాయ్ పోవాలి, అక్కడ ఎవరో ఒక బావ సూట్‌కేసులో సబ్బులకూ అత్తరు సీసాలకూ మధ్య ఇరుక్కోవాలి, బొంబాయిలో కస్టమ్స్ వాళ్ల చూపు తప్పించుకోవాలి, అక్కడి నుంచి బస్సులో ఒళ్లు హూనం చేసుకుని మా బస్టాండులో దిగాలి. అట్లా దిగిన యూరప్ గుప్పున సబ్బు వాసన కొట్టేది. (ఇప్పటికీ ఆ దేశాల పేరు వింటే నాకు మొదట స్నానం గుర్తొస్తుంది.) అయినా మాకు అదే మహాభాగ్యం. ఆ వాసనతోనే మేము నలుగురం కళాకారులమయ్యాం. ఒక్క పెళ్లిళ్ల సీజన్‌లో పుట్టి, పెరిగి, పేరు తెచ్చుకుని, చీలిపోయి, ముగిసిపోయాం కూడా.

ఆ సూట్‌కేసు మా బావది. బావ అంటే మా అక్క మొగుడు, కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నం వాడు. పెళ్లయిన కొత్తలోనే దుబాయ్ పోయి, అక్కడ ఒక పెద్ద హోటల్లో ఫంక్షన్లకు కుర్చీలు వేసే పనిలో కుదిరాడు. రెండేళ్లకోసారి చుట్టీ మీద రావడం, కొన్నాళ్లుండటం, ఇంట్లో అందరూ ఆయనకు అలవాటుపడే వేళకు మళ్లీ పోవడం. ఆ ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో వచ్చాడు. అందరు బావలూ బంగారమో టీవీనో తెస్తే మా బావ ట్రంకుపెట్టెంత టేప్‌రికార్డరూ, అందులోకి ఒకే ఒక్క క్యాసెట్టూ తెచ్చాడు. క్యాసెట్టు అట్ట మీద నలుగురు తెల్లవాళ్లు. ఇద్దరు ఆడ, ఇద్దరు మగ. నలుగురికీ వెండిరంగు ప్యాంట్లు, నలుగురూ ఎవరి మీదో అలిగినట్లు తలో దిక్కు చూస్తున్నారు. (ఆ గుంపు పేరు ఇక్కడ రాయను. ఆ పేరు మాదంటే మాదని వాళ్లు చాలాకాలం కోర్టులో కొట్లాడుకున్నారట. ఈ వయసులో నన్ను సాక్షిగా పిలిస్తే అంత దూరం పోలేను.)

బావ చెప్పగా విన్న ఆ గుంపు చరిత్ర ఇది. యూరప్‌లో ఒక గడ్డపాయన గదిలో కూర్చుని మిషన్ల మీద ఒక పాట తయారుచేశాడు. ఆయన మొహం జనం టికెట్టు కొని చూసేటట్లు లేదు కాబట్టి, చూడదగ్గ మొహాలు నాలుగు వెతికి తెచ్చాడు. ఒకమ్మాయి బట్టల దుకాణంలో పనిచేసేది, ఇంకొకమ్మాయి జుట్టు కత్తిరించేది, మగవాళ్లలో ఒకడు కసరత్తుల మనిషి, రెండోవాడి పని పాట మధ్యలో మైకు పట్టుకుని కోపంగా మాట్లాడటం. నలుగురిలో ఎవరికీ పాట రాదు. పాడింది వేరే ఆవిడ, ఆమెను ఎవరికీ చూపించలేదు. మొదటి పాట దేశాలన్నీ తిరిగింది. రెండో పాట అంటే మొదటిదే, మాటలు మార్చారు. మూడోది రెండోదే, ప్యాంట్లు మార్చారు. నాలుగోదానికి జనం పసిగట్టారు. పాడిన ఆవిడ ఆ గొంతు నాదని పేపరుకెక్కింది. నలుగురూ ఇద్దరిద్దరుగా చీలారు, రెండు గుంపులూ అదే పేరు పెట్టుకున్నాయి. సొంత దేశంలో పాతబడ్డాక పక్క దేశం పోయారు, అక్కడా పాతబడ్డాక దుబాయ్ వచ్చారు. ఒకే చలికాలంలో బావ హోటల్లో ఒక గుంపు, పక్క హోటల్లో ఇంకో గుంపు అవే పాటలకు ఆడాయట. ఇదంతా బావ జాలిపడుతూ చెప్పలేదు, ఆశపడుతూ చెప్పాడు. కుర్చీలు వేస్తూ దగ్గరి నుంచి చూసిన మనిషి కదా, ఆయనకు తేలిన సత్యం ఒక్కటే.

“వాళ్లకు పాడుడు రాదు, బామ్మర్ది. మనకు గూడ రాదు. మరి వాళ్లకు నడిచింది మనకెందుకు నడువదు?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేంత చదువు నాకుంది (డిగ్రీ రెండో ఏడు). చెప్పలేదు. దానికి కారణం మా అక్క. ఆ సాయంత్రం పసుపు కొమ్ములు ఆరబోసిన చోటికి నన్ను పిలిచి, నా మొహం చూడకుండా కొమ్ములు సర్దుతూ మాట్లాడింది. “ఈసారి పోకుంటె మంచిగుండు తమ్మీ. గీ డాన్సుదేదో ఇక్కడ నడిస్తె ఉంటడేమో. నువ్వు జెర సాయం జెయ్యి” అంది. ఆ ముక్క నువ్వే బావతో అనరాదా అంటే తల అడ్డంగా ఊపింది. పోయే మనిషిని పోవద్దనడం కీడట, మొదటి ప్రయాణం నాడే అత్త చెప్పిందట. మా దిక్కు గల్ఫ్ పోయే ఇళ్లన్నిటిలో ఇదే పద్ధతి. జీపు ఎక్కేదాకా అందరూ పైలం, పోయి రా అంటారు, ఏడ్చేవాళ్లు ఇంటి వెనక్కి పోయి ఏడుస్తారు. పెళ్లయి ఆరేళ్లు దాటినా అక్క మొగుడితో కాపురం చేసింది కొన్ని నెలలే. పిల్లల మాట వస్తే అత్త మొహం తిప్పుకునేది, తప్పంతా మా అక్కదే అయినట్లు. (ఫోన్లో పిల్లలు పుట్టరని ఆ పెద్దమనిషికి చెప్పే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు.) బావ తిరుగు ప్రయాణానికి అప్పటికే టికెట్టు కొనడం అయిపోయింది. ఆలోపు గ్రూపు నిలబడితే బావ నిలబడతాడు, లేకపోతే విమానం ఎక్కుతాడు. అక్క కోసం నేను ఎగరడానికి ఒప్పుకున్నాను. అంతకుముందు నేను ఎగిరింది ఒకే ఒకసారి, కాలికింద తేలు కనపడినప్పుడు.

గ్రూపుకు నలుగురు కావాలి. బావ సొంతంగా కోపంగా మాట్లాడే మనిషి పాత్ర తీసుకున్నాడు. కసరత్తుల మనిషి స్థానం నా క్లాస్‌మేట్‌కు పోయింది. వాణ్ణి కాలేజీలో మెరుపు అనేవాళ్లు. నిజంగానే బాగా ఆడేవాడు, ఆ సంగతి వాడికి కాస్త ఎక్కువగానే తెలుసు. ఆడవాళ్ల స్థానాలు రెండూ మిగిలాయి. కోరుట్లలో అమ్మాయిలను అడిగే పని లేదు. అడిగితే మేము నేర్చుకోవాల్సిన స్టెప్పులు వాళ్ల అన్నలు మాతో వేయించేవాళ్లు. ఒక స్థానం చిన్నవాణ్ణని నాకే అంటగట్టారు. రెండోదానికి బావ కథలాపూర్ పోయి వేషాల మామను తెచ్చాడు. ఆయన రైతు. చేతుల్లో చెక్క చిరుతలు వాయిస్తూ ఆడే చిరుతల రామాయణంలో ఇరవై ఏళ్లుగా సీత వేషం కడుతున్నాడు. నలభై దాటిన మనిషి, నాగలి పట్టిన చేతులు, కానీ కొంగు సర్దుకున్నాడంటే ఆడవాళ్లు కూడా లేచి చోటిచ్చేవాళ్లు. ఆయన అన్నీ విని రెండు షరతులు పెట్టాడు. గణపతి ప్రార్థన లేకుండా గజ్జె కట్టడు. అర్థం చెప్పకుండా పాట దాటడు. చిరుతల ఆటలో అదే పద్ధతి. పాట అయ్యాక వేషగాడు ముందుకొచ్చి ఆ పాటలో ఏం జరిగిందో జనానికి వచనంలో చెప్తాడు. యూరప్‌లో ఈ పద్ధతి లేదని బావ అన్నాడు. లేకనే వాళ్లు చెడిపోయిండ్రని మామ తేల్చేశాడు.

బావ వాళ్ల పసుపు కొట్టంలో రిహార్సల్ మొదలైంది. టేప్‌రికార్డరు పెడితే చాలు, గుండెలో ఎవరో రోకలి పోటు వేస్తున్నట్లు డుమ్ము డుమ్ము మని ఒకటే దరువు, పాట మొదలు నుంచి చివరి దాకా అదే. ఆ దరువుకు నేల అదిరి పసుపు దుమ్ము లేచేది. వెండిరంగు గుడ్డ కోరుట్లలో దొరక్క దర్జీ పెళ్లి పందిట్లోకి వాడే చెమ్కీ గుడ్డతో ప్యాంట్లు కుట్టాడు. (మామ మాత్రం ప్యాంటు మీద చీర కొంగు కూడా వేసుకున్నాడు, కొంగు లేని ఆడవేషం ఆయన కట్టడు.) నాలుగు రోజుల రిహార్సల్‌కు వాటి వెండి పోయి బంగారమైంది. చూసినవాళ్లు మాకు నలుగురికీ ఒకేసారి పెళ్లి కుదిరిందనుకున్నారు. మేము ముగ్గురం క్యాసెట్టుకు నోరు ఆడిస్తే చాలనుకున్నాం. మామ ఒప్పుకోలేదు. నోరు తెరిస్తే పాడాలి, లేకపోతే మూసుకోవాలి అన్నది ఆయన సిద్ధాంతం. నాతో ఇంగ్లీషు మాటలన్నీ పదేపదే చెప్పించుకుని కంఠస్థం చేసి, క్యాసెట్టును మించిన గొంతుతో ఎత్తుకునేవాడు. లోకంలో ఆ గుంపు పేరు చెప్పుకుని ఆడినవాళ్లలో నిజంగా పాడినవాడు ఆయన ఒక్కడే అని నా నమ్మకం.

మొదటి ప్రోగ్రాం జగిత్యాలలో. ఒకప్పుడు పల్లెల మీద పెత్తనం చేసిన దొరల కుటుంబం. పెత్తనం పోయింది, రైసుమిల్లు వచ్చింది, ఇంట్లో పెళ్లి అయితే మాత్రం ఎవరూ చేయనిది చేయాలన్న పట్టుదల అట్లాగే ఉంది. దుబాయ్ హోటల్లో ఆడే డాన్స్ అని బావ చెప్పేసరికి (అబద్ధం కాదు, ఆడింది మేము కాకపోయినా) రిసెప్షన్‌కు ఒప్పుకున్నారు. మొదటి వరుసలో పెద్దదొర కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. మేము ఆడుతున్నాం, బావ నల్లద్దాలు పెట్టుకుని మైకులో ఎవరినో తిడుతున్నాడు, ఇంతమంది జనంలో ఒక్క చెయ్యి లేవదు. అందరి చూపూ పెద్దదొర మీదే. ఆయన కొడితే కొడదామని. పాట ముగిసింది. పెద్దదొర కర్ర తీసి, దీనర్థం ఏందని అడిగాడు. ఆ పాటలో అర్థం లేదని నాకు తెలుసు. ఈ రాత్రి రా, రా, నా గుండె, రా, ఇంతే. నేను ప్యాంటు మీది పసుపు దులుపుకుంటుంటే వేషాల మామ కొంగు సర్దుకుని ముందుకొచ్చాడు.

ఆయనకు తెలిసిన ఆడమనిషి దుఃఖం ఒక్కటే, అశోకవనంలో సీతది. ప్రతి పాటకూ అదే అర్థం చెప్పేవాడు. ఆ నాయిక సముద్రానికి ఈవల ఉంది, నాథుడు ఆవల ఉన్నాడు, మధ్యలో ఉప్పునీళ్లు, పక్షి పోగలదు గానీ ఆమె పోలేదు, పగలు అందరి ముందు నవ్వుతుంది, పొద్దు గూకితే గోడకు చెప్పుకుంటుంది. వచనం ముగిసేసరికి వెనక వరుసల్లో ముక్కులు చీదుతున్నారు. మా దిక్కు ఏ హాల్లోనైనా సగం మంది ఆడవాళ్లకు మొగుడో కొడుకో సముద్రానికి ఆవలే ఉంటాడు మరి. పెద్దదొర కూడా కళ్లు తుడుచుకుని, తెల్లోళ్లల్ల గూడ పతివ్రతలున్నరన్నట్టు అని చప్పట్లు కొట్టాడు. ఇక హాలు ఆగలేదు. గుండె దడదడలాడే డాన్స్ పాటకు జనాన్ని ఏడిపించిన గ్రూపు ప్రపంచంలో మాది ఒక్కటే అయి ఉంటుంది. తెల్లారి జగిత్యాలంతా మా పేరే. ఒక్కరోజులో మా నడక మారిపోయింది. నేను కాలేజీకి కూడా నల్లద్దాలు పెట్టుకుని పోయి గుమ్మానికి గుద్దుకున్నాను.

పేరు వస్తే ఏమవుతుందో తెల్లవాళ్లు ముందే చేసి చూపించారు, మేము వాళ్ల అడుగుజాడల్లోనే నడిచాం. మెరుపు అలిగాడు. చెమటోడ్చి ఆడేది తానైతే చప్పట్లు సీతమ్మవారికి పోతున్నాయని వాడి బాధ. అందులో అబద్ధమూ లేదు. ఒకరోజు రిహార్సల్‌కు రాలేదు, మేము ముగ్గురం మిగిలాం. వారం తిరిగేసరికి జగిత్యాల గోడల మీద పోస్టర్లు వెలిశాయి. వాడి కింద నలుగురు కొత్త పోరగాళ్లు, పైన పేరు ‘ఒరిజినల్ న్యూ యూరప్ డాన్స్ గ్రూప్, జగిత్యాల’. బావ పోస్టరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. చూస్తే మొహం వెలిగిపోతోంది. అచ్చం అక్కడ జరిగినట్లే జరుగుతోంది, మనం సరైన దారిలోనే ఉన్నాం అన్నాడు. ఆ మాట విని అక్క రెండు రోజులు ఇంట్లో పాట పాడుకుంటూ తిరిగింది.

రెండు యూరప్‌లూ ఎదురుపడ్డది కోరుట్లలో, ఒక ఫంక్షన్ హాల్లో. అమ్మాయి తరఫువాళ్లు మమ్మల్ని పిలిచారు, అబ్బాయి తరఫువాళ్లు వాళ్లను పిలిచారు, ఒకరికొకరు చెప్పుకోలేదు. ఒకటే స్టేజీ, రెండు గ్రూపులు, అవే పాటలు. ఎవరు వెనక్కి తగ్గినా ఆ ఇంటి మర్యాద పోతుంది. పెద్దమనుషులు పంచాయితీ కూర్చుని, మగపెళ్లివారు ముందు కాబట్టి ముందు వాళ్ల యూరప్, తర్వాత ఆడపెళ్లివారి యూరప్ అని తీర్పు చెప్పారు. జనం ఒకే పాటను రెండుసార్లు చూశారు. మెరుపు వాళ్లు మాకంటే వెయ్యిరెట్లు బాగా ఆడారు, దాపరికం ఎందుకు. అయితే వాళ్ల పాట ముగియగానే ముసలమ్మలు అర్థమేదని గొడవకు దిగారు. అర్థం చెప్పేవాడు వాళ్లకు లేడు. మెరుపు నేల చూపులు చూస్తుంటే వేషాల మామకు మనసొప్పలేదు. కళాకారుణ్ణి నడిస్టేజీ మీద ఒంటరిగా వదిలేయకూడదని, పోయి వాళ్ల పాటకు కూడా అర్థం చెప్పి వచ్చాడు. అదే సముద్రం, అదే ఉప్పునీళ్లు. ఆ తర్వాత రెండు పక్షాల వాళ్లూ మాదే గెలుపన్నారు. మామను మాత్రం రెండు పక్షాలూ పిలిచి చెరో విస్తరి వేశాయి.

అయితే పెళ్లిళ్లు అట్లా ఎన్నాళ్లుంటాయి? మూఢం వచ్చిపడింది, ముహూర్తాలు ఆగాయి, పిలిచేవాళ్లు లేరు. బావ టికెట్టు తేదీ దగ్గరికొచ్చింది. ఇంట్లో ఒక మూల సూట్‌కేసు తెరుచుకుంది. అత్త పచ్చళ్లు పెట్టడం మొదలుపెట్టింది. (గల్ఫ్ ఇళ్లలో మామిడికాయ కోసిన చప్పుడైతే ఇంటి కోడలు ఏదో పని కల్పించుకుని పెరట్లోకి పోతుందని అక్క తర్వాతెప్పుడో చెప్పింది.) అప్పుడు సిరిసిల్ల నుంచి ఒక సేటు పిలిచాడు. కొత్త షెడ్డుకు పూజ, పనివాళ్లందరినీ కుటుంబాలతో పిలిచి భోజనాలు, ఆ తర్వాత మా డాన్స్. ఇది కుదిరితే వరుసగా ఇంకా చాలామంది సేట్లు పిలుస్తారని ఆశ. బావ తేల్చి చెప్పాడు. సిరిసిల్ల నడిస్తే టికెట్టు బంద్, నడవకపోతే మూట సర్దుడే. వేములవాడలో మొక్కుందని అత్తకు చెప్పి అక్క కూడా మాతో జీపు ఎక్కింది. మొక్కు ఏమిటో ఎవరూ అడగలేదు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ ఊళ్లో అడుగుపెడితే గోడలు, గిన్నెలు, మన పళ్లు అన్నీ ఒకే దరువుకు అదురుతుంటాయి. పగలూ రాత్రీ అదే చప్పుడు. ఆ రోజు మాత్రం పూజ అని సేటు తన షెడ్లన్నీ బందు పెట్టించాడు. ఖాళీ షెడ్డులో కుర్చీలు, చాపలు. భోజనాలు చేసి మధ్యాహ్నం ఎండలో జనం వచ్చి కూర్చున్నారు. గణపతి ప్రార్థన అయింది. బావ నల్లద్దాలు సర్దుకుని టేప్‌రికార్డరు మీట నొక్కాడు. డుమ్ము డుమ్ము మొదలైంది. మొదటి వరుసలో ఒక ముసలాయన ఆవలించాడు. చూసి చూడనట్లు ఎగురుతున్నాను. ఆయన పక్కనున్న ఆమె ఆవలించింది. ఆవలింత వరుస వెంట పాకి వెనక్కి పోయింది. రెండో పాటకు పిల్లలు తల్లుల ఒళ్లో ఒరిగారు. మూడో పాటకు తల్లులు గోడలకు ఒరిగారు. నాలుగో పాట సగంలో సేటు గడ్డం ఛాతీ మీదికి జారింది. ఎగురుతూ ఎగురుతూ తలెత్తి చూస్తే షెడ్డంతా నోళ్లు తెరుచుకుని నిద్రపోతోంది. నిద్రపోయేవాళ్ల ముందు పసుపుపచ్చని చెమ్కీ ప్యాంట్లు వేసుకుని ఎగరడం ఎట్లా ఉంటుందో నన్నడగండి. ఆగితే అవమానం, ఆగకపోతే ఇంకా అవమానం.

వేషాల మామ ఒక్కడే చలించలేదు. పాట ఆగగానే ఎప్పటిలాగే కొంగు సర్దుకుని ముందుకొచ్చి, గురకల మధ్య అర్థం చెప్పాడు. నాథా, సముద్రం దాటి పోయినవు, పోయేటప్పుడు నవ్వి సాగనంపితిని, నా నవ్వు చూసి నాకేం బాధ లేదనుకుంటివా, అని. ఒక్క పదం తగ్గించలేదు. అంత పెద్ద షెడ్డులో మేలుకుని విన్నది ఒక్కతే, తలుపు పక్కన నిలబడ్డ మా అక్క. తర్వాతి పాట మొదలైన కాసేపటికి కరెంటు పోయింది. టేపు మూలుగుతూ ఆగిపోయింది. అంతే, షెడ్డంతా ఒక్కసారిగా ఉలిక్కిపడి లేచింది. మొదటి వరుస ముసలాయన చెయ్యి చాచి తన ముందు గాలిలో తెగిన పోగు కోసం వెతుకుతున్నాడు. సాంచా ఆగితే కదా వాళ్లకు మెలకువ వచ్చేది. నన్ను గుర్తుపట్టి ఆయన ఎంతో ప్రేమగా చెప్పాడు.

“మస్తు నిద్ర పట్టింది కొడుకా. పొద్దటి సంది సాంచాలు బందుండె, పాణం ఎట్లనో ఉండె. మీరచ్చి సల్లగ పండవెట్టిండ్రు.”

సేటుకు కూడా మేము నచ్చాం. కరెంటు వచ్చాక బావను పిలిచి, ఆడటం ఇక చాలనీ, క్యాసెట్టు మాత్రం అట్లా నడవనిస్తే పనివాళ్లు ఇంకాసేపు పడుకుంటారనీ చెప్పాడు. జగిత్యాలను ఏడిపించినవాళ్లం, సిరిసిల్లను పడుకోబెట్టాం. డాన్స్ చేయించింది మాత్రం ఎక్కడా లేదు. బావ టేప్‌రికార్డరు వేసి, షెడ్డు వెనక పేర్చిన గుడ్డ బేళ్ల మీద వచ్చి కూర్చున్నాడు. నల్లద్దాలు తీయలేదు. లోపల డుమ్ము డుమ్ము నడుస్తూనే ఉంది. అక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. బావ తాగి, చెంబు కింద పెట్టి, సోమవారం పోతున్న అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. నేను పక్కకు పోదామనుకున్నాను, కానీ నా ప్యాంటు బేలు తాడుకు తట్టుకుని చెమ్కీ చిక్కుపడింది. కదిలితే చిరుగుతుంది. అందుకని అక్కడే నిలబడ్డాను. నా జన్మలో నేను చూసిన మంచి ఘట్టం ఒక చిక్కుపడ్డ ప్యాంటు పుణ్యాన చూశాను.

“పోకు” అంది అక్క.

బావ తలెత్తాడు. అక్క ఎక్కడా ఆగలేదు. నవ్వినంత మాత్రాన ఏడ్వనట్టు కాదు, ఇన్నేళ్లు పోయిరా అన్నది నోరే, నేను కాదు, కీడయితే అయ్యింది గానీ నువ్వు పోకు, అంది. అంతసేపు అక్క మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. బావ అద్దాలు తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

“గీ మాట ఎవలన్న అంటరా అని ఎన్నేండ్ల సంది సూస్తున్ననే” అన్నాడు చివరికి. “అచ్చిన కాడికెల్లి ఎప్పుడు పోతవని అడుగుతరు గని, ఉండుమని ఒక్కలన్న అన్నరా? నువ్వు గూడ అనకపోతివి. ఉండెటందుకు ఏదన్న ఒక సాకు గావాలె గదా. అందుకే గిది పెట్టుకున్న.”

గిది అన్నప్పుడు చేత్తో చూపించింది నన్నే. ఎర్రటి ఎండలో, పెదవులకు రంగుతో, బేలుకు కట్టేసినట్లు నిలబడి ఉన్న నన్ను. అప్పుడు నాకు తెలిసింది. ఆయన ఉండాలని ఆమె కోరిక, ఉండాలని ఆయన కోరిక, ఆ ముక్క ఒకరితో ఒకరు అనుకోలేక మధ్యలో ఒక యూరప్‌ను తెచ్చిపెట్టుకున్నారు. నేను కాలేజీ ఎగ్గొట్టి, తేలు కుట్టినట్లు ఎగిరి, గుమ్మాలకు గుద్దుకుని, ఈ ప్యాంటు కుట్టించుకున్నదంతా మొగుడూపెళ్లాలు చెప్పుకోని ఒక్క మాట కోసం. నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంలో ఏడుపు కూడా వచ్చింది. అక్క వచ్చి ప్యాంటు చిక్కు తీసింది, పాపం దొరల పెళ్లికి కుట్టించింది చినిగిందా తమ్మీ అంటూ. నేను మొహం తిప్పుకుని చినగలేదన్నాను.

బావ మళ్లీ దుబాయ్ పోలేదు. టికెట్టును అత్త దేవుడి పటం వెనక చాన్నాళ్లు దాచింది, కొడుకు మనసు మారితే పనికొస్తుందని. కోరుట్లలో టెంట్‌హౌస్ పెట్టి, అక్కడ వేసిన కుర్చీలే ఇక్కడ వేశాడు. వేషాల మామ సీతమ్మ దగ్గరికే తిరిగిపోయాడు. మెరుపు హైదరాబాద్ పోయి పిల్లలకు డాన్స్ నేర్పుతున్నాడని విన్నాను, వాడు నిజంగా ఆడగలిగినవాడు కాబట్టి నిలబడ్డాడు. నేను ఉద్యోగంలో పడి, పొట్ట పెంచుకుని, పెద్దమనిషినయ్యాను. సిరిసిల్ల ప్రోగ్రాం తర్వాతి ఏడు అక్కకు ఆడపిల్ల పుట్టింది. అత్త ఊరంతా తిరిగి చక్కెర పంచింది, ఇన్నాళ్లూ మొహం తిప్పుకున్నది తాను కానట్లే.

ఆ బిడ్డ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్న సెలవులకు వచ్చి, అందరం అన్నాలు తింటుంటే ఫోన్ నా మొహం ముందు పెట్టింది. తెల్లవాళ్లు, నలుగురూ ముసలివాళ్లు. కొట్లాటలు మాని మళ్లీ కలిశారట, ఎక్కడో స్టేజీ మీద ఆడుతున్నారు. మోకాళ్లు లేవడం లేదు, వెండిరంగు ప్యాంట్లు మాత్రం వదల్లేదు. గిసొంటోళ్లను ఎవలు సూస్తరు మామా అని అది పగలబడి నవ్వింది. బావ ఫోన్ తీసుకుని కళ్లజోడు పైకి నెట్టి చూసి, అక్కకు ఇచ్చాడు. అక్క ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టి, పాట అయ్యేదాకా చూసింది. నీకు వీళ్లు ఎట్ల తెల్సే అమ్మా అని పిల్ల అడిగితే ఎరికున్నోళ్లే అని ఊరుకుంది. వీళ్లు వాళ్ల దేశంలో పాతబడకపోయి ఉంటే నువ్వు ఇక్కడ కూర్చుని నవ్వేదానివి కాదే అందామని నోటిదాకా వచ్చింది. అన్నం ముద్దతో మింగేశాను. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. లోపల ఫోన్లో ఆ దరువు ఇంకా వినపడుతోంది. అటూ ఇటూ చూసి, పంచె కాస్త పైకి పట్టుకుని ఒక్కసారి ఎగిరాను. కుడికాలు పైకి లేచింది, ఎడమకాలు నాకెందుకన్నట్లు నేల మీదే ఉండిపోయింది. వెనక కిటికీలోంచి అక్క నవ్విన చప్పుడైంది. ఇంకోసారి ఎగురు తమ్మీ, ఈసారి నేను సక్కగ సూడలే అంది. ఎగిరాను.